పథ్యం విప్పాల్సిన మనిషి

పోయిన వారం మనం పోచన్నను టిప్పరు తొట్టిలో, కంకర మీద పరిచిన గోనెసంచి మీద పడుకోబెట్టి అక్కడే ఆగిపోయాం. రాళ్ళ క్వారీలో పొద్దున తొమ్మిదిన్నరకు చేతిలోంచి సమ్మెట జారింది, ఆ వెనకే మనిషీ జారాడు. కాళ్ళు మెలితిరిగాయి, పళ్ళు కరుచుకుపోయాయి, నోట నురగ వచ్చింది. ఆ తలను ఒళ్ళో పెట్టుకుని, దుబాయ్ పక్కనున్న రాస్ అల్ ఖైమా ఆస్పత్రి దాకా వచ్చినవాడు హన్మాండ్లు. పోచన్న భార్య లక్ష్మవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఇంకో రెండు ముక్కలు. పోచన్నకు కామెర్లు వచ్చాయి, వాళ్ళ దిక్కు మాటలో పసిరికెలు. కళ్ళు పచ్చబడ్డ సంగతి కంపెనీకి తెలిస్తే అన్‌ఫిట్ అని రాసి విమానం ఎక్కించేస్తారని భయం. పోయినేడు తోటి కూలీ ఆశన్నను అలాగే పంపారు, క్యాంపులో ఉన్న పెట్టె కూడా తెచ్చుకోనివ్వలేదు. అందుకని బావాబామ్మర్దులిద్దరూ కంపెనీ దవాఖానా వైపు తొంగి చూడకుండా, మెస్సులో వంట చేసే భోజన్న దగ్గరకు పోయారు. దుమ్ము పడకుండా కంపెనీ ఇచ్చిన నల్లద్దాలు పోచన్న పచ్చకళ్ళను దాచాయి. భోజన్న పసరు పోసి, తొమ్మిది రోజుల పథ్యం పెట్టాడు. పోచన్న పడిపోయింది ఎనిమిదో రోజున.

ఇప్పుడు పన్నెండు దాటింది. వార్డులో ఏసీ చప్పుడు చేస్తోంది. పోచన్న చేతికి గ్లూకోజు సీసా ఎక్కుతోంది గానీ కళ్ళు తెరవలేదు. వచ్చాక ఇంకోసారి ఫిట్స్ వచ్చాయి. డాక్టరు మన దేశం మనిషే, హిందీలో మాట్లాడతాడు. రెప్ప ఎత్తి చూడగానే కామెర్లని ఆయనకు అర్థమైపోయింది. నల్లద్దాలు పెట్టి అన్నాళ్ళు కాపాడుకున్న రహస్యం అర నిమిషంలో బయటపడింది.

"కామెర్లు సరే. కామెర్లకు మనిషి ఇలా కొట్టుకోడు. ఏం తిన్నాడు? ఏం తాగాడు?" అని డాక్టరు అడిగాడు.

హన్మాండ్లు నేల చూపులు చూశాడు. ఆ చూపులకు జవాబు దొరుకుతుందా? గచ్చు మీద ఫినాయిల్ వాసన తప్ప ఏమీ లేదు.

"మాలూమ్ నై సాబ్," అన్నాడు.

ఆ వార్డులో రాజ్యం అని ఒక ఆయా ఉంది. గోదావరి జిల్లా, రాజోలు దగ్గర. అరబ్బుల ఇంట్లో నాలుగేళ్ళు పనిచేసి, ఆ ఇంటివాళ్ళ మాటసాయంతో ఇక్కడ చేరింది. మంచం మీది తెలుగు పలవరింతలు విని పొద్దుట్నుంచీ ఇక్కడిక్కడే తిరుగుతోంది. హన్మాండ్లు దగ్గరకొచ్చి మెల్లగా అంది, "ఏదో పసరు తాగినట్టున్నాడు కదండీ మీ బావగారు. పెదాల మీద పచ్చగా ఎండిపోయుంది, నేనే తుడిచాను. డాక్టరుగారు అడిగితే చెప్పేయండి బాబూ. దాస్తే మనకే నష్టమండి."

"నీకేం తెల్సక్కా," అన్నాడు హన్మాండ్లు. చొక్కా జేబులో జేబురుమాలు మూట ఒకటి గుండెకు ఒత్తుకుంటోంది. దాన్ని చేత్తో తడుముకుని, మళ్ళీ చెయ్యి తీసేశాడు.

అంతలో గుమ్మం దగ్గర గొడవ మొదలైంది. కంపెనీ కంపౌండర్ గులాం మొహిద్దీన్ వచ్చాడు. బోధన్ మనిషి, తెలుగూ ఉర్దూ కలిపి దంచుతాడు. వెంట భోజన్నను రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. భోజన్న ఇంకా మెస్సు బనీను మీదే ఉన్నాడు, చేతులకు పిండి.

"డాక్టర్ సాబ్, యహీ హై," అన్నాడు కంపౌండర్. "క్యాంపుల హకీం. ఆకులు నూరి తాపుతడు. నేను ఎన్నిసార్లు చెప్పిన, మానడు."

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఈ కంపౌండర్‌గారికి కడుపులో మంట వచ్చినప్పుడల్లా తన అలమరలోని గోలీలు పనిచేయవు. మెస్సు వెనక తలుపు దగ్గరకొచ్చి, "భోజన్నా, జర వాము నీళ్ళు," అని అడిగి తాగిపోయేవాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, భోజన్నకూ తెలుసు. ఇప్పుడు ఆ ఇద్దరిలో ఒక్కడికే సిగ్గుగా ఉంది, ఆ ఒక్కడూ కంపౌండర్ కాదు.

మెస్సు వెనక నూనె డబ్బాల్లో భోజన్న పెంచే పచ్చదనం చూడనివాళ్ళు క్యాంపులో లేరు. ఏసీల నుంచి కారే నీళ్ళను బకెట్లలో పట్టి ఆ డబ్బాలకు పోస్తాడు. తులసి, వాయిలాకు, కలబంద ఉన్నాయి. ఓ మూల నాలుగు డబ్బాల్లో మాత్రం పేరు చెప్పని మొక్క ఉంటుంది. ఊళ్ళో సాయవ్వ అనే ముసలామె దగ్గర ఆ మందు నేర్చుకున్నాడు. ఆమె ఇద్దరే ఇద్దరికి నేర్పింది. నేర్పేటప్పుడు నేల ముట్టించి ఒట్టు వేయించింది. ఆకు పేరు బయటపెట్టకూడదు, పెడితే దాని గుణం పోతుంది. మందుకు ఏమీ పుచ్చుకోకూడదు. పథ్యం పెట్టినవాడే తన చేత్తో పథ్యం విప్పాలి, ఇంకెవరు విప్పినా రోగం తిరగబెడుతుంది. ఏడేళ్ళుగా ఈ మూడూ భోజన్న తప్పలేదు.

డాక్టరు అతన్ని ఎగాదిగా చూశాడు. "ఏ ఆకు?"

భోజన్న పిండి చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"చూడయ్యా, అది విషం ఆకైతే దానికో మందు, కాకపోతే ఇంకో మందు. తెలీకుండా నేనేం ఎక్కించను? ఇతనికి మళ్ళీ ఫిట్స్ వస్తే నేను ఆపలేకపోవచ్చు. ఆకు పేరు చెప్పు."

కంపౌండర్ ఆ మాటను తెలుగు చేసి, చివర్న తన సొంతం కూడా కలిపాడు. "చెప్పకపోతే పోలీసులకు అప్పజెప్తం. సమజైందా?"

భోజన్నకు పోలీసులు వినపడలేదనుకుంటాను. అతను మంచం మీదికి చూస్తున్నాడు. పోచన్న మెడ పక్క నరం కొట్టుకుంటోంది. పెదవి పళ్ళ మధ్య తెగి నల్లగా గడ్డకట్టింది. రోజూ తెల్లారగట్ల తన ముందు గొంతుక్కూర్చుని, తలెత్తి, నోరు తెరిచి పసరు పోయించుకున్న మనిషి. పోసిన ప్రతిసారీ "సల్లగుండు కాకా" అన్న మనిషి.

భోజన్న కిందికి వంగి గచ్చును ముట్టాడు. ముట్టిన చేతిని కళ్ళకద్దుకున్నాడు.

"నేలుసిరి సాబ్," అన్నాడు. "నేలుసిరి ఆకు. మజ్జిగల కలిపి పోసిన. గంతే. ఇంకేం లేదు, నా పిల్లల మీద ఒట్టు."

చెప్పేశాక అతని మొహం చూడాలంటే హన్మాండ్లుకు ధైర్యం చాలలేదు. రాజ్యం మాత్రం చూసింది. తర్వాత నాతో ఆమె చెప్పిన మాట ఇది: "ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చాడండీ ఆయన, చప్పుడు లేకుండా."

కంపౌండర్ హిందీ చేసి చెప్పగానే డాక్టరు భుజాలెగరేశాడు. "నేల ఉసిరా? అది మా ఊళ్ళోనూ తాగుతారు. దానికి ఇలా అవ్వదు," అన్నాడు.

అంతే. ఏడేళ్ళుగా కాపాడిన మాట ఈ గదిలో దేనికీ పనికిరాలేదు. పనికిరాదని ముందే తెలిసుంటే చెప్పేవాడు కాదు, చెబితే తప్ప పనికిరాదని తెలియదు. ఇలాంటి చోట మనిషి ఏం చేస్తాడు? భోజన్న చేతుల పిండిని పంచెకు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

అంతలో నర్సు రక్తం పరీక్ష కాగితం తెచ్చింది. డాక్టరు చదివాడు, మళ్ళీ చదివాడు. మొహం మారింది.

"ఇతని ఒంట్లో ఉప్పు లేదు," అన్నాడు. "అడుగంటింది. ఏం భోజనం పెట్టారు ఇతనికి?"

కంపౌండర్ అడక్కముందే భోజన్నకు ఆ ప్రశ్న అర్థమైంది. ఉప్పు అన్న మాట ఏ భాషలోనైనా వంటవాడికి తెలుస్తుంది.

"సప్పిడి బువ్వ సాబ్. పసిరికెలకు సప్పిడి పత్తెమే పెట్టాలె. ఉప్పు లేదు, నూనె లేదు, కారం లేదు. నేనే యేరేగ వండి పెట్టిన. మా దిక్కు గంతే. మా అయ్యకు అయినప్పుడు గంతే, మా తమ్మునికి అయినప్పుడు గంతే. లేచి తిరిగిన్రు వాళ్ళు."

డాక్టరు అది కంపౌండర్ నోట హిందీలో విని, గొంతు పెంచకుండానే అడిగాడు. "మీ నాన్న ఆ తొమ్మిది రోజులూ ఏం పని చేశాడు?"

కంపౌండర్ తెలుగు చేశాడు. భోజన్నకు ముందు ఆ ప్రశ్న వెర్రిగా తోచింది.

"పనేంది సాబ్? పసిరికెలు అయినోడు పనేం జేస్తడు? నీడకు మంచమేస్తే పంటడు. మంచినీళ్ళు గూడ మా అవ్వ మంచం కాడికే తెచ్చేది..."

అని ఆగిపోయాడు. భోజన్న ఇక్కడికొచ్చిన ఏడేళ్ళలో ఒక్కసారి కూడా క్వారీకి పోలేదు. అతనికి తెలిసిన దుబాయ్ అంతా మెస్సు, గ్యాసు పొయ్యిలు, ఆ డబ్బాలు. జూలై నెల ఎండలో, నీడ లేని కొండ పక్క, పొద్దున ఆరు నుంచి రాళ్ళు కొట్టే మనిషి ఒంట్లోంచి ఎంత చెమట పోతుందో, ఆ చెమట ఎండి చొక్కా మీద తెల్లటి గీతలు ఎలా కడుతుందో అతను చూడలేదు. ఊళ్ళో మంచం మీది మనిషికి పెట్టే పథ్యాన్ని తెచ్చి, ఇక్కడ సమ్మెట పట్టిన మనిషికి పెట్టాడు. ఆకు సరిగ్గానే ఉంది, అతని ప్రేమలోనూ లోటు లేదు. తేడా వచ్చింది ఆ మంచం దగ్గరే.

"మంచం ఎవడిస్తడు సాబ్ ఈడ," అన్నాడు భోజన్న, తనలో తను అన్నట్టు. "మంచమెవడిస్తడు..."

డాక్టరు ఆ మాట కోసం ఆగలేదు. నర్సును పిలిచి గ్లూకోజు సీసా తీయించి ఇంకో సీసా పెట్టించాడు. "ఇది మెల్లగా ఎక్కాలి. మధ్యలో ఆగకూడదు. ఆగితే మళ్ళీ ఫిట్స్ వస్తాయి. ఈసారి వస్తే చెప్పలేను," అన్నాడు. ఆ చివరి మాట హన్మాండ్లు కేసి చూసి అన్నాడు.

అక్కడితో అయిపోయుంటే ఎంత బాగుండేది! కానీ కంపౌండర్ అలా వదిలే రకం కాదు. అతనికి ఒక లెక్క తేలడం లేదు.

"అరె, ఠహరో," అన్నాడు. "బువ్వల ఉప్పు లేకపోతే లేదు. నేను రోజుకు నాలుగు ఉప్పు గోలీలు ఇస్తున్న గదా! పొద్దుగాల లారీ ఎక్కేటప్పుడు రెండు, పగటీలి రెండు. ఎండల పడిపోవద్దనే గదా ఆ గోలీలు. నోట్ల ఏసుకునేదాంక నేను కదలను. ఈ పోచన్న గూడ ఏసుకున్నడు, నా కండ్లతో చూసిన. అవి ఏడికి పోయినయ్?"

హన్మాండ్లు మంచం తలవైపుకు జరిగాడు.

ఎక్కడికి పోయాయో చెబుతాను. హన్మాండ్లు చొక్కా జేబులో, జేబురుమాలు మూటలో ఉన్నాయి. ముప్పై గోలీలు. పోచన్న వాటిని నాలుక కింద పెట్టుకునేవాడు. పొద్దున లారీ కదలగానే, పగలు కంపౌండర్ అటు తిరగగానే హన్మాండ్లు అరచెయ్యి పట్టేవాడు, పోచన్న ఉమ్మేవాడు. ఈ ఉపాయం భోజన్న చెప్పింది కాదు, భోజన్నకు ఆ గోలీల సంగతే తెలియదు. ఉప్పు పడొద్దన్నారు కాబట్టి గోలీ ఉప్పు కూడా పడొద్దని హన్మాండ్లు బుర్రకే తట్టింది. బావ పథ్యం చెడకుండా కాపాడుతున్నానని మురిసిపోయాడు కూడా. ఎక్కడ పారేసినా కంపౌండర్ కంట పడతాయని మూటకట్టి జేబులో పెట్టుకున్నాడు. అక్క మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లో మొదటి మాటే "తమ్మీ, మీ బావను కనిపెట్టుకోనుండు" అని. అంతకంటే కనిపెట్టుకుని ఉండటం ఎవరి తరం?

"మింగలేదంటే ఉమ్మినట్టే. ఎవ్వడు ఉమ్మిచ్చిండు?" కంపౌండర్ గొంతు లేచింది. "సచ్ బోలో. కంపెనీ పెద్దసాబ్, ముదీర్, నన్ను అడుగుతడు, నీ గోలీలు ఏమైనయ్ అని. నేను ఎవని పేరు చెప్పాలె? రోగం దాచినోడు, గోలీలు ఉమ్మిచ్చినోడు, వాడెవడైనా సరే, ఇయ్యాలనే వీసా కేన్సల్. ఖలాస్. హన్మాండ్లూ, నువ్వు చెప్పు. నీ పక్కనే గదా కూసుంటడు లారీల?"

బావను ఎలాగూ విమానం ఎక్కిస్తారు, పచ్చకళ్ళు బయటపడ్డాయి. తనూ పోతే ఆ రెండిళ్ళలో దుబాయ్ మనిషి ఒక్కడూ ఉండడు. అక్క మొహం కళ్ళ ముందుకొచ్చింది. ఇవన్నీ నిజమే. కానీ అసలు నిజం అది కాదు. అతను భయపడ్డాడు. భయపడ్డవాడికి కారణాలు వాటంతటవే వచ్చి చేరతాయి.

"భోజన్న కాకనే... ఉప్పు ముట్టొద్దన్నడు," అన్నాడు.

అబద్ధం కాదు. సగం నిజం. సగం నిజమంత సౌకర్యమైన వస్తువు ఇంకోటి లేదు.

భోజన్న తల తిప్పి అతన్ని చూశాడు. కోపంగా చూసుంటే హన్మాండ్లు తట్టుకునేవాడేమో. భోజన్న అతని చొక్కా జేబు ఎత్తుగా ఉండటం చూశాడు, చూసి కళ్ళు తిప్పుకున్నాడు.

"నేనే జెప్పిన సాబ్," అన్నాడు కంపౌండర్‌తో. "ఉప్పు ఏ తీరుగ ఉన్నా ముట్టొద్దని నేనే జెప్పిన. పోరనికి ఏం తెల్వది. నన్ను తీస్కపోండ్రి."

"యల్లా, నడు," అన్నాడు కంపౌండర్.

పోతూ పోతూ భోజన్న మంచం పక్కన ఒక్క క్షణం ఆగబోయాడు. ఏదో చెయ్యాలని చెయ్యి చాచాడు. కంపౌండర్ రెక్క పట్టి లాగాడు. వరండాలో చెప్పుల చప్పుడు దూరమైంది. కాసేపటికి కింద జీపు స్టార్టయింది. హన్మాండ్లు కిటికీ దగ్గరకు పోలేదు.

అరగంట గడిచింది. కొత్త సీసా ఒక్కో చుక్కా దిగుతోంది. నిజంగానే ఏదో మారింది. పోచన్న వేళ్ళ వణుకు తగ్గింది. కనురెప్పలు కదిలాయి. రాజ్యం తడిగుడ్డతో మొహం తుడుస్తుంటే కళ్ళు తెరిచాడు. పసుపు రాసినట్టున్న ఆ కళ్ళను చూసి హన్మాండ్లు మంచం పట్టె పట్టుకుని భోరుమన్నాడు.

"బావా! బావా, నేను, హన్మాండ్లును."

పోచన్న నాలుక మెల్లగా తిరిగింది. "ఏడున్నం?"

"దవాఖానాల బావా. మంచిగైతది, డాక్టర్ సాబ్ జెప్పిండు."

పోచన్న చూపు పైకి, సీసా దాకా పోయింది. "గదేంది?"

హన్మాండ్లు నోరు తెరిచేలోపే రాజ్యం జవాబిచ్చేసింది. పాపం, ధైర్యం చెబుదామనే అంది. "ఏం లేదు బాబూ, భయపడకండి. ఉప్పు నీళ్ళేనండి. మీ ఒంట్లో ఉప్పు తగ్గిందంట, అందుకని ఎక్కిస్తున్నారు. ఆయ్."

పోచన్న కళ్ళు పెద్దవయ్యాయి. రెండో చెయ్యి లేచి సూది దగ్గరకు పోయింది. ఎవరూ పట్టుకునేలోపే ప్లాస్టరు లాగేశాడు. సూది ఊడి, దుప్పటి మీద రక్తం చారలా పడింది. సీసా నీళ్ళు గచ్చు మీద కారసాగాయి.

"అయ్యో! డాక్టరుగారూ!" రాజ్యం కేకేసింది. నర్సు పరుగెత్తింది.

"ఉప్పు వద్దు," అన్నాడు పోచన్న. ఊడిన చేతిని పొట్ట కింద దాచుకుని బోర్లా తిరగబోయాడు. "పత్తెం చెడుతది. ఇంగొక్క రోజే ఉన్నది. ఎనిమిది రోజులు పట్టిన."

"అయిపోయింది బావా, పత్తెం అయిపోయింది. నీకు దండం పెడ్త, చెయ్యి ఇయ్యి."

"కాక విప్పిండా?"

హన్మాండ్లు ఆ దాచుకున్న చేతిని లాగబోయాడు.

"కాక వచ్చి తన చేత్తోటి ఉప్పు మెతుకు నోట్ల పెట్టాలె. గప్పుడే విప్పినట్టు. ఏడి కాక? పిలువు. కాక చెప్తే సీసా గాదు, సముద్రం తాగుత."

ఆ మాటకు హన్మాండ్లు కిటికీ దగ్గరకు పరుగెత్తాడు. కింద ఎండ తప్ప ఏమీ లేదు. జీపు పోయి అరగంట దాటింది. పథ్యం విప్పగలిగిన ఒకే ఒక్క మనిషిని తన నోటితో తనే పంపించేశాడు. ఎక్కడికి తీసుకుపోయారో తెలియదు. కంపెనీ ఆఫీసుకా, పోలీసుల దగ్గరికా? ఫోను ఎవరికి చెయ్యాలో, చేసి ఏమని చెప్పాలో తెలియదు. అప్పుడే ఆ గోలీల నిజం నాలుగు మాటల్లో చెప్పి ఉంటే ఇప్పుడు ఆ మనిషి ఇక్కడే, ఈ మంచం పక్కనే ఉండేవాడు.

వెనక్కి తిరిగేసరికి డాక్టరు వచ్చేశాడు. ఇద్దరు వార్డు బాయ్‌లు పోచన్న భుజాలు పట్టారు. పట్టినకొద్దీ పోచన్న పెనుగులాడుతున్నాడు, పెనుగులాడినకొద్దీ చేతివేళ్ళు మళ్ళీ వణకడం మొదలుపెట్టాయి. నర్సుకు నరం దొరకడం లేదు.

"బామ్మర్దీ!" పోచన్న గొంతు చీరుకుపోయింది. అందరినీ వదిలేసి హన్మాండ్లు ఒక్కడినే చూస్తున్నాడు, ఎంతో నమ్మకంగా. "వీళ్ళకు తెల్వదురా. నీకు తెల్సు గదా. అన్ని రోజులు గోలీలు నీ చేతులకే ఉమ్మిన గదా, నువ్వే గదా జేబుల దాచినవ్. గట్లనే గీ సీసాను గూడ ఎట్లన్న తప్పియ్యి. ఒక్క రోజు. ఒక్క రోజురా."

రాజ్యం చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. ఆమె చూపు పోచన్న మొహం మీంచి హన్మాండ్లు చొక్కా జేబు మీదికి వచ్చింది, అక్కడే నిలిచిపోయింది.

డాక్టరుకు తెలుగు రాదు. సిరంజిలో మందు ఎక్కించుకుంటూ, తలెత్తకుండానే రాజ్యాన్ని హిందీలో అడిగాడు.

"ఏమంటున్నాడతను?"